జానకీబాయి పేరు మీది ఇల్లు

ఆ ఇంట్లో అడుగు పెట్టిన ప్రతిసారీ రామకిషన్‌రావుకు తన పేరు వినబడేది. వంటర్ర వైపు నుంచి, ఆడ గొంతుతో.

"రామకిషన్‌రావు గారూ, అన్నం తయారైంది."

అంతే. రెండో పిలుపు ఉండేది కాదు.

ఊళ్లో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఊరికి దొర. హుజూరాబాదులో ఆయన కిరాయికున్న ఇంటివాళ్లకు సారు. తల్లి పోయాక ఆ పేరు పలికిన మనిషి లోకంలో ఒక్కతే, ఆయన భార్య జానకీబాయి. ఆమె చనిపోయి ఎనిమిదేళ్లయింది.

మొగుని పేరు ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మే ఇంట్లో పుట్టింది జానకీబాయి. కొత్త కోడలుగా వచ్చిన రోజు ముత్తయిదువలు గడపకు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే చెమటలు పట్టి ఏడ్చినంత పని చేసింది. అట్లాంటి మనిషి, బతికిన చివరి పద్నాలుగేళ్లూ పూటపూటా ఆయన్ను పేరు పెట్టే పిలిచింది. ఎందుకు పిలిచిందో ఆయనకు తెలుసు. ఊరికీ తెలుసు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బళ్లు నడవలేదు, బస్సులు సరిగ్గా నడవలేదు. భూములున్న వాళ్ల నోళ్లలో మాత్రం ఒకటే మాట నడిచింది, భూమికి సీలింగు వస్తుందని, మించింది సర్కారు గుంజుకుంటుందని. రామకిషన్‌రావు అందరికంటే ముందు మేల్కొన్నాడు. ఒక ప్లీడరును పట్టుకున్నాడు. ప్లీడరు చెప్పింది తేలికగానే ఉంది. మొగుడూ పెళ్లామూ కలిసి ఉంటే సర్కారు లెక్కలో ఒక్క కుటుంబం. విడిపోతే రెండు. సగం భూమి ఆమె పేరు మీద పెడితే ఇద్దరిదీ నిలుస్తుంది. విడాకులు నిజమనిపించాలంటే మనోవర్తి కింద ఆమెకు ఏదో ఒకటి ఇచ్చినట్టు కూడా ఉండాలి. తాత కట్టిన ఇల్లు రాసిచ్చేయమన్నాడు. ఇల్లు ఎక్కడికి పోతుంది, ఉండేది అందులోనే కదా అన్నాడు.

ఒక్కటే చిక్కు. ఇద్దరికీ ఇష్టమేనంటే ఆ రోజుల్లో విడాకులు ఇచ్చేవాళ్లు కాదు. ఎవరిదో ఒకరిది తప్పుండాలి. పిచ్చి అంటే డాక్టరు కావాలి, కుష్ఠు అన్నా డాక్టరు కావాలి. మిగిలింది నడత.

"మీది రాయాల్నా, ఆమెది రాయాల్నా?" అని ప్లీడరు అడిగాడు.

రామకిషన్‌రావు ఆలోచించను కూడా లేదు. తన నడత మీద రాస్తే రేపు నలుగురిలో పంచాయతీ చెప్పే ముఖం ఉండదు. "ఆమెది రాయి. కాయితం మీదనే గదా" అన్నాడు.

జడ్జి అడిగినప్పుడు జానకీబాయి కొంగు నెత్తి మీదికి లాక్కుని "అవును" అన్నది. ఆమె ఆ గదిలో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

తర్వాత చట్టం వచ్చింది. సీలింగు కోసం హడావిడిగా విడిపోయిన వాళ్లవి చెల్లవని అందులో రాశారు. చుట్టాలందరూ బోల్తా పడ్డారు. ఈయనది ముందే అయిపోయింది కాబట్టి నిలిచింది. చాలా ఏళ్లు ఆ తెలివి చెప్పుకుని నవ్వాడు.

నవ్వింది బయట. ఇంట్లో నవ్వే వీలు లేదు. కోర్టు నుంచి వచ్చిన పూటనే జానకీబాయి పొయ్యి ముట్టించి వండి, వంటర్ర గడపలో నిలబడి మొదటిసారి ఆ పిలుపు పిలిచింది.

"ఏందే ఈ ఏషాలు?" అన్నాడు.

"పరాయి మొగోణ్ని పేరుతోనే పిలుస్తరు" అన్నది.

అప్పటి నుంచి వెనక అర్రలో పడుకుంది, లోపల గడియ వేసుకుని. ఆయన ముందటి అర్రలో. వండి పెట్టింది, జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది, చుట్టాలొస్తే చాప వేసింది. పేరు మాత్రం మారలేదు. ఆయన ఒక్కనాడూ ఆ పిలుపుకు పలకలేదు. ముఖం ముడుచుకుని వచ్చి పీట మీద కూర్చునేవాడు. పిల్లలు లేరు. మధ్యలో మాట కలిపేవాళ్లు లేరు. ఎనభై మూడులో ఆమె పోయింది.

పోయిన తర్వాత కొన్ని రోజులకే పిలుపు మళ్లీ మొదలైంది. ఆయన ఇల్లు వదిలి హుజూరాబాదు చేరాడు. నక్సలైటు అన్నలకు భయపడి దొర పట్నం పోయిండని ఊరు అనుకుంది. అనుకోనిచ్చాడు. అసలు సంగతి కంటే ఆ భయమే మర్యాదగా ఉంది.

ఈ ఏడాది ఎండకాలం ఆ పిలుపు హుజూరాబాదుకే వచ్చింది. పట్టపగలు, చేతులు కడుక్కుంటుంటే, వీపు వెనక నుంచి. ఇంటామె అక్కడే చాటలో బియ్యం ఏరుతున్నది. ఎవరన్నా పిలిచారా అని అడిగాడు. లేదు సార్ అని ఆమె ఆయన వైపు అదోలా చూసింది. ఆ రోజే నిర్ణయించుకున్నాడు. ఇల్లు తనదిగా ఉన్నంత కాలం ఆ గొంతు తనను వదలదు. ఇల్లు పరాయివాడిదైతే గొంతు ఇంటితోనే పోతుంది. ఎంతకైనా సరే, అమ్మాలి.

*

జమ్మికుంటలో పత్తి బేరం చేసే భూమన్న ఇల్లు చూడ్డానికి వచ్చాడు. గోడలు చూడలేదు. తలెత్తి దూలాలు చూశాడు. కట్టె పెట్టి ఒక దూలాన్ని టకటకా కొట్టి చెవి ఒగ్గి విన్నాడు.

"ఇసొంటి కర్ర ఇప్పుడేడ దొరుకుతది దొరా. ఆదిలాబాదు దిక్కుదా?"

"మా అత్తగారిది ఇచ్చోడ పక్కన. మా లగ్గం తర్వాత కప్పు మారిస్తే వాళ్లే బండ్ల మీద పంపిండ్రు."

"కప్పంత ఇప్పుకపోత. మట్టి గోడలు మీరే ఉంచుకోండ్రి, వద్దన" అని నవ్వాడు భూమన్న. తర్వాత నవ్వు ఆపి దగ్గరికి వచ్చాడు. "ఒక్క ముచ్చట దొరా. పంచాయతిల అడిగిన. ఇంటి పన్ను దొరసాని పేరు మీదున్నది."

"ఉంటది. నా పెండ్లామే గదా."

"పెండ్లామైతే ఫికర్ లేదు. కాదని కోర్టు కాయితం ఉన్నదట గదా?"

రామకిషన్‌రావు చేతికర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"కోపం జెయ్యకుండ్రి. మా వకీలు రెండు తొవ్వలు చెప్పిండు" అన్నాడు భూమన్న. "విడాకులు నిజమంటరా, ఇల్లు దొరసాని తోడవుట్టినోళ్లది. వాళ్లు సంతకం పెట్టాలె. ఆమెకు నాకు సంబంధం లేదని మీరు రాసియ్యాలె. విడాకులు ఉత్తయే అంటరా, ఇల్లు మీదే. కని కోర్టుల అబద్ధం చెప్పిన అని మీ నోటితోటి మీరే ఒప్పుకోవాలె. అప్పుడు భూముల ముచ్చట సుత లేస్తది. ఏదైన నాకొక్కటే. నాకు కర్ర కావాలె."

"మొదటి తొవ్వనే" అన్నాడు రామకిషన్‌రావు.

భూమన్న పెరట్లో బావి చూసొస్తానని వెళ్లాడు. ఆయన అటు తిరిగాడో లేదో, వంటర్ర వైపు నుంచి పిలుపు వచ్చింది. అదే గొంతు, అదే మాట. రామకిషన్‌రావు కదలకుండా నిలబడ్డాడు.

వాకిలి ఊడుస్తున్న సాయవ్వ చీపురు ఆపకుండానే అన్నది, "పిలుస్తుంది గదా దొరా."

సాయవ్వ జానకీబాయి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో పనిమనిషి. ఇప్పుడు తాళం చెవి ఆమె దగ్గరే ఉంది.

"నీకు ఇనవడ్డదా?"

"రోజు ఇంటనే ఉన్న. గీ చెవులకు వేరే ఏం ఇనవడది. గా మాటొక్కటి మంచిగ ఇనవడ్తది."

"భయం గాదా నీకు?"

"నాకెందుకు భయం? నన్ను పిలుస్తలేదు గదా."

సాయవ్వ నడుం పట్టుకుని లేచింది.

"మొఖానికి బొట్టు పెట్టద్దు, నాకు మొగుడు లేడు అని చెప్పి పోయింది దొరసాని. నేను మీకు చెప్పిన. మీరింటిరా? పసుపు రాసి, పచ్చ చీర కట్టి, ముత్తయిదువను చేసి పంపిండ్రు. ఇప్పుడు ఎటువోతది? అటు పోరాదు, ఇటు ఉండరాదు."

"నోరు మూసుకో ముసలిదానా."

"మూసుకుంట. నేను మూసుకుంటె ఆమె మూసుకుంటదా?" అని చీపురు పట్టుకుని అవతలికి పోయింది.

*

జానకీబాయి తోడబుట్టింది ఒక్క చెల్లెలు, తారాబాయి. ఇచ్చోడలో ఉంటుంది. మొగుడు లక్ష్మణ్‌రావు పోయాక వ్యవసాయం తానే చేయించుకుంటున్నది. రామకిషన్‌రావు బస్సులు మారి ఆ ఇంటి ముందు దిగేసరికి ఆమె వాకిట్లో ఎండబోసిన జొన్నలు కాలితో తిరగదోస్తున్నది.

"ఎవలు, బావనా? అక్క పోయిన కాడికెల్లి మొఖం కనవడలే. తొవ్వ తప్పిండ్రా?"

"పని వడ్డది తారా."

"గదే అనుకున్న. పని లేంది మీరు పెండ్లాంతోటి సుత మాట్లాడలే. కాళ్లు కడుక్కోండ్రి."

కాళ్లు కడుక్కున్నాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఆమె జొన్నలు తోయడం ఆపకుండానే అంతా విన్నది.

"అంటే మా అక్క నడత మంచిది గాదు, మొగుడు ఇడిచిపెట్టిండు, అందుకని ఇల్లు నాది. నేను గట్ల సంతకం పెట్టాలె. గంతేనా?"

"పాత కాయితం. ఎవలు చదువుతరు? వచ్చిన పైసలల్ల సగం నీకే ఇస్త."

"నాకొద్దు." తారాబాయి ఇప్పుడు ఆగింది. "ఆ ముచ్చట మమ్మల్ని కన్న ఆయి చెవిల వడ్డనాడు మీరు లేరు. బిడ్డ మీద కోర్టుల గట్ల రాసిండ్రట అని ఎవరో వచ్చి చెప్పిండ్రు. ఉత్తుత్తదే, భూమి కోసం రాసుకున్నరు అని నేను చెప్పిన, బాపు చెప్పిండు. ఆయి ఊకున్నది. ఊకోని, గంతే, చచ్చేదాంక ఒక్క పేరంటానికి పోలే, ఒక్క పెండ్లికి పోలే. మీ కాయితం మా వాకిట్ల దాంక వచ్చింది బావా. మీకు ఎరుకలేదు."

ఇక ఈమె సంతకానికి రాదని రామకిషన్‌రావుకు తేలిపోయింది. లేవబోయాడు.

"ఎప్పుడు రావాల్నో చెప్పుండ్రి. వస్త" అన్నది తారాబాయి.

ఆమె కాదంటే ఆయనకు కోపం వచ్చేది. కోపంతో ఆయనకు అలవాటుంది. ఒప్పుకున్నందుకు తిరుగు దారంతా భయం వేసింది.

*

హుజూరాబాదులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల పందిరి కింద దస్తావేజులు రాసే మనిషి కూర్చుని ఉన్నాడు. చుట్టూ పది పదిహేను మంది. ఒక పిల్లల తల్లి, సాక్షి సంతకాలకు తిరిగేవాళ్లు, చాయ్ కెటిల్‌తో ఒకతను. తారాబాయి తెల్ల చీర కొంగు నిండుగా కప్పుకుని, తన పెన్ను తానే తెచ్చుకుని వచ్చింది.

"జర గట్టిగ చదువు అయ్యా. నాకు చెవులు తక్కువ" అన్నది.

ఆమె చెవులకు ఏమీ కాలేదు. రామకిషన్‌రావుకు అది తెలుసు.

రాసే మనిషి ఊరు, ఇంటి నంబరు, నాలుగు దిక్కుల హద్దులు గడగడా చదివాడు. ఒక చోటికి వచ్చి గొంతు తగ్గించి తరువాతి పేరాకు దూకాడు.

"ఏమిడిచిపెట్టినవు? అది సుత చదువు."

అతను రామకిషన్‌రావు వైపు చూశాడు. తర్వాత చదివాడు. "సదరు జానకీబాయి పరపురుష సంబంధము కలిగియున్నదని ఋజువైనందున జిల్లా కోర్టు వారు విడాకులు మంజూరు చేసియున్నారు. ఆమె మరణించు నాటికి ఆమెకు భర్త గాని సంతానము గాని లేరు."

చాయ్ పోసే అతని చెయ్యి ఆగింది. పిల్లల తల్లి తల తిప్పి చూసింది. ఎవరో పక్కవాణ్ని మోచేత్తో పొడిచారు. భూమన్న మంచి మనిషి, గొడవ సర్దబోయాడు.

"పోనియ్యుండ్రి అమ్మా. పెద్దిండ్లల్ల ఇసొంటియి ఉంటనే ఉంటయి. పోయినామె పోయింది. ఇప్పుడెందుకు తవ్వుడు?"

ఆ మాటలో విషం లేదు. అందుకే అది రామకిషన్‌రావుకు దిగింది.

ఇన్నేళ్లూ ఆయన పట్టుకుని బతికింది ఒక్కటే: అది అబద్ధమని అందరికీ తెలుసు. ఊరికి తెలుసు, చుట్టాలకు తెలుసు, రాసిన ప్లీడరుకు తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధం ఎవరినీ ఏమీ చేయదు. ఇప్పుడు భూమన్న నమ్మాడు. రాసినవాడు నమ్మాడు. చాయ్ అమ్ముకునేవాడు నమ్మాడు. నిజం తెలిసిన వాళ్లలో చాలామంది పోయారు. తనూ సాయవ్వా తారాబాయీ పోతే ఇక ఒక్కరు కూడా మిగలరు. కాగితం మిగులుతుంది. అది చెప్పిందే జానకీబాయి.

"రామకిషన్‌రావు గారూ!"

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెనక గోడ ఉంది, గోడకు పాత పోస్టర్లు. పిలిచింది ముందు నుంచి, ఆఫీసు జవాను. వంతు వచ్చింది.

లోపల రిజిస్ట్రారు దస్తావేజు పేజీలు తిప్పాడు. ఆయనకు ఇట్లాంటివి రోజూ అలవాటే. తల ఎత్తకుండా అడిగాడు.

"జానకీబాయి మీకేమైతది?"

ఇంటి నుంచి నడిచి వస్తూ ఆయన జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఏం గాదు. అంతే చెప్పాలి. చెప్తే ఇల్లు పోతుంది, ఇంటితో పాటు గొంతు పోతుంది, ఈ రాత్రి నుంచి నిద్ర పడుతుంది. తారాబాయి పెన్ను మూత తీసి పట్టుకుని ఉంది.

"చెప్పుండ్రి బావా. ఏం గాదనుండ్రి. నేను సంతకం వెట్టి పోత. నాకు బస్సున్నది."

"పెండ్లాం" అన్నాడు రామకిషన్‌రావు.

రిజిస్ట్రారు ఇప్పుడు తల ఎత్తాడు. "విడాకులైనయని రాసిండ్రు గదా?"

"ఉత్తయే."

"అట్లయితే ఈమెకు హక్కు రాదు. ఈ దస్తావేజు చేసుడు కుదరది."

"కుదరకపోనీ."

"దొరా, ఏం మాట్లాడుతున్నరు?" భూమన్న ముందుకు వచ్చాడు. "అక్కడ మనుషులను మాట్లాడుకున్న, లారీ మాట్లాడుకున్న..."

"కర్ర ఇంకోకాడ కొనుక్కో పో."

ఇది పశ్చాత్తాపమా అంటే కాదు. ఆయనకు అది చేతకాదు. తన ఇంటిదాన్ని ఒక పత్తి బేరగాడు అంత తేలిగ్గా అనేయడం ఆయనకు గిట్టలేదు. ఆ మాట మొట్టమొదట అన్నది ఎవరో గుర్తుంది. అది ఇంకా ఎక్కువ గిట్టలేదు.

తారాబాయి పెన్నుకు మూత పెట్టి సంచిలో వేసుకుని బయటికి నడిచింది. ఆయన వెనకే బస్టాండు దాకా వెళ్లాడు. ఆమె సిమెంటు బెంచీ మీద కూర్చుంది. ఆయన నిలబడ్డాడు.

"ఇప్పుడన్న నీ కడుపు సల్లవడ్డదా?"

"ఎందుకు సల్లవడ్తది? జడ్జి ముందట చెప్పాల్సిన మాట ఇయ్యాల చెప్పిండ్రు. అది సుత ఇల్లు అమ్మవోయి."

"ఆమెకు నేనేం తక్కువ జెయ్యలే."

"చెయ్యలే. తిండికి తక్కువ లేదు, బట్టకు తక్కువ లేదు."

కరీంనగర్ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగి బీడీ ముట్టించాడు. రామకిషన్‌రావు అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"నా గురించి నీకెన్నడన్న ఏమన్న చెప్పిందా?"

తారాబాయి సంచి భుజానికి వేసుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు ఆయన్ను ఒకసారి చూసింది.

"నాకు చెప్పలే. ఒక్కసారి మా ఇంటికొస్తే పక్కింటామె అడిగింది, ఊళ్లె మీ ఇంట్ల ఎవలెవలుంటరని. 'నేను, సాయవ్వ. ముందటి అర్ర ఒకాయనకు కిరాయికిచ్చిన. మంచోడే, లొల్లి జెయ్యడు' అన్నది."

"నవ్వులాటకు అన్నదేమో."

"మా అక్క నవ్వలే బావా. పక్కింటామె సుత నవ్వలే. ఇంక ఎంతిస్తడు కిరాయి అని అడిగింది."

బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు ఇటు చూడలేదు.

రామకిషన్‌రావు కిరాయి ఇంటికి వెళ్లి ఉన్న నాలుగు బట్టలూ ట్రంకు పెట్టెలో వేసుకున్నాడు. గది ఖాళీ చేస్తున్నానని ఇంటామెకు చెప్పాడు. జమ్మికుంట బస్సెక్కి ఊరి దగ్గర దిగాడు. పెట్టె తానే మోసుకుంటూ నడిచాడు. దారిలో ఇద్దరు చూశారు. పెట్టె అందుకోలేదు.

సాయవ్వ గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పెట్టెను చూసింది, మనిషిని చూసింది.

"అమ్మలేదా దొరా?"

"అమ్మలే."

"మరి గిదేంది పెట్టె? ఏడ ఉంటరు?"

"ముందటి అర్రల" అన్నాడు.

సాయవ్వ లేచి ఆ అర్ర ఊడ్వడానికి వెళ్లింది. ఆమె ఊడ్చేదాకా ఆయన పెట్టె కింద పెట్టి, గడపకు ఇవతలే నిలబడ్డాడు.